మాలిక్యులర్ బేసిస్ నాకు వైరస్‌ల దారిలో అర్థమైంది: ఒక నీట్ లాంగ్ టర్మ్ అనుభవం

రిజల్ట్ వచ్చేసింది. కన్వీనర్ కోటాలో సీటు దొరికే ర్యాంకే. "మళ్లీ లాంగ్ టర్మా?" అని మూతి విరిచిన చుట్టాలు కూడా ఇప్పుడు ఫోన్ చేసి స్వీట్లెప్పుడని అడుగుతున్నారు. జూనియర్లు మాత్రం బయాలజీ ఎలా చదివావక్కా అంటున్నారు. అన్ని చాప్టర్లూ చెప్పే ఓపిక లేదు. మాలిక్యులర్ బేసిస్ ఆఫ్ ఇన్‌హెరిటెన్స్ (వంశపారంపర్య సమాచారాన్ని డీఎన్‌ఏ ఎలా మోస్తుందో చెప్పే చాప్టర్) ఒక్కటే చెప్తాను, నా మార్కులు కదిలింది అక్కడే కాబట్టి.

మొదటిసారి పరీక్షకి వెళ్లేనాటికే ఈ చాప్టర్ నాకు కంఠతా వచ్చు. ప్రయోగాలు, సంవత్సరాలు అన్నీ: గ్రిఫిత్ 1928, ఎవరీ బృందం 1944, హెర్షీ-చేజ్ 1952, మెసెల్సన్-స్టాల్ 1958. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా స్టేట్‌మెంట్ ప్రశ్న వస్తే రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోవడం, ఏదో ఒకటి పెట్టి మైనస్ తెచ్చుకోవడం.

లాంగ్ టర్మ్‌లో చేసిన కొత్త పని ఒక్కటే. సెకండియర్ బోటనీలోని వైరస్‌లు, జువాలజీలోని హెచ్‌ఐవీ, ఈ చాప్టర్, మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మనకి వీటిని వేర్వేరు లెక్చరర్లు వేర్వేరు నెలల్లో చెప్తారు. అందుకే మూడూ ఒకే కథ అని తట్టదు.

ఆ కథ ఇది. కణంలో ప్రొటీన్ తయారుచేసే యంత్రం రైబోజోమ్, అది చదవగలిగేది ఎంఆర్‌ఎన్‌ఏని (ప్రొటీన్ ఎలా చేయాలో చెప్పే ఆర్‌ఎన్‌ఏ కాపీని) మాత్రమే. వైరస్‌కి సొంత రైబోజోమ్ లేదు. అంటే ఏ వైరస్ అయినా ప్రొటీన్ చేయించుకోవాలంటే ముందు ఎంఆర్‌ఎన్‌ఏ పుట్టించుకోవాలి. దాన్ని తయారుచేసే ఎంజైమ్ ఎవరిది, కణానిదా, వైరస్‌దా? ప్రతి పేజీ పైనా ఈ ప్రశ్న రాసుకున్నాను. డేవిడ్ బాల్టిమోర్ 1971లో వైరస్‌లను వర్గీకరించింది కూడా దీని ఆధారంగానే.

టీ2 ఫేజ్ తీసుకోండి, ఈ.కోలై బ్యాక్టీరియాని పట్టే వైరస్. దానిది డబుల్ స్ట్రాండెడ్ (రెండు పోగుల) డీఎన్‌ఏ. దాన్ని ఈ.కోలై సొంత ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజే (ఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైమ్) చదివేస్తుంది. కాబట్టి డీఎన్‌ఏ లోపలికి వెళ్తే చాలు, ప్రొటీన్ కోటు బయటే ఉండిపోయినా నష్టం లేదు. ఇది తెలిశాక హెర్షీ-చేజ్ ప్రయోగంలో డీఎన్‌ఏకి గుర్తుగా పెట్టిన ఫాస్ఫరస్-32 కణాలతో పాటు అడుగుకి చేరడం, ప్రొటీన్‌కి గుర్తుగా పెట్టిన సల్ఫర్-35 పైన ద్రవంలో మిగలడం బట్టీ పట్టాల్సిన విషయంలా అనిపించలేదు.

టొబాకో మొజాయిక్ వైరస్‌ది ఆర్‌ఎన్‌ఏ, అదే నేరుగా ఎంఆర్‌ఎన్‌ఏలా పనిచేస్తుంది. అందుకే 1956లో ప్రొటీన్ తీసేసిన ఒట్టి ఆర్‌ఎన్‌ఏని పొగాకు ఆకులకి పూసినా రోగం వచ్చింది. కరోనాదీ ఇదే పద్ధతి. దాదాపు 30 వేల న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ లోపలికి రాగానే మన రైబోజోమ్ దాన్ని చదివి, వైరస్‌కి కావాల్సిన పాలిమరేజ్‌ని కూడా చేసిపెడుతుంది. ఇన్‌ఫ్లుయెంజా (సిలబస్‌లో లేదు, నాకు తెలుసు, అయినా వినండి) ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఎంఆర్‌ఎన్‌ఏకి కాంప్లిమెంటరీ, అంటే దానికి ఎదురు జత పోగు. రైబోజోమ్‌కి అది చదవడం రాదు. ఆర్‌ఎన్‌ఏని చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే అలాంటి పాలిమరేజ్ మన కణంలో ఉండదు కాబట్టి వైరస్ తనదే వెంట తెచ్చుకుంటుంది. అత్తారింట్లో దొరకని సామాను మాత్రమే పెట్టెలో సర్దుకెళ్లినట్టు.

ఇక హెచ్‌ఐవీ. ఇక్కడే నాకు అసలు తలుపు తెరుచుకుంది. సెంట్రల్ డాగ్మా (సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకి, దాన్నుంచి ప్రొటీన్‌కి వెళ్తుందన్న సూత్రం) దగ్గర మన పుస్తకంలో కొన్ని వైరస్‌లలో సమాచారం వెనక్కి ప్రవహిస్తుందని ఒక్క వాక్యం ఉంటుంది, అందరం దాటేస్తాం. 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా పట్టుకున్న రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఆ వాక్యం వెనకున్న సంగతి. ఆ ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ రాస్తుంది, ఆ డీఎన్‌ఏ మన క్రోమోజోమ్‌లో అతుక్కుంటుంది, అక్కణ్నుంచి మన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజే దానికి చాకిరీ చేస్తుంది. ల్యామ్డా ఫేజ్ లైసోజెనిక్ దశలో (కణాన్ని చంపకుండా దాగి ఉండే దశ) బ్యాక్టీరియా డీఎన్‌ఏలో కలిసి ప్రొఫేజ్‌గా కూర్చోవడానికీ దీనికీ పోలిక చూడండి. మందు సంగతి ఇంకా బాగుంటుంది. హెచ్‌ఐవీకి ఇచ్చే జిడోవుడిన్ అనేది 3' ఓహెచ్ (తర్వాతి ముక్కని తగిలించే కొస) లేని న్యూక్లియోసైడ్ (డీఎన్‌ఏ గొలుసు కట్టే ముక్క) లాంటిది. డీఎన్‌ఏ గొలుసు 5' నుంచి 3' వైపే పెరుగుతుందని రెప్లికేషన్‌లో చదివాం కదా. తగిలించడానికి 3' ఓహెచ్ లేకపోతే గొలుసు అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు రెప్లికేషన్ ఫోర్క్ బొమ్మ మళ్లీ గీసుకుంటే ఒకాజాకి ఫ్రాగ్మెంట్లు (ఒక పోగు ముక్కలు ముక్కలుగా తయారవడం) ఎందుకో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

అంకెల్లో కూడా ఇదే. ఫై-ఎక్స్ 174 అనే ఫేజ్‌కి 5386 న్యూక్లియోటైడ్లు, ల్యామ్డాకి 48502 బేస్ పెయిర్లు. అందరూ అంకె గుర్తుపెట్టుకుంటారు, యూనిట్ వదిలేస్తారు. మొదటిదాంట్లో ఉన్నది ఒక్క పోగే, జతలు ఎక్కణ్నుంచి వస్తాయి? అడినిన్, థైమిన్ శాతాలు సమానంగా లేవని ప్రశ్నలో కనిపిస్తే ఆ రెండూ సమానమన్న చార్‌గాఫ్ తప్పాడని కంగారు పడొద్దు, అది సింగిల్ స్ట్రాండ్.

సిలబస్‌లో లేనివి చదివి టైమ్ పాడుచేసుకుంటోందని హాస్టల్‌లో నా మీద కామెంట్లు బాగానే పడ్డాయి. ఒప్పుకోను. వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయినా నా పద్ధతి మార్చలేదు. వాళ్లు రివిజన్ అని పేరు పెట్టి హైలైటర్ మీద హైలైటర్ పూస్తుంటే, నేను తెల్లకాగితం మీద బొమ్మ గీసేదాన్ని. పొద్దున్న ఐదింటికి లేవడం గొప్ప కాదు. లేచాక పుస్తకం మూసి రాయగలగాలి. ఫోన్ వార్డెన్‌కి ఇచ్చేశానని చెప్పుకుంటూ రెండో ఫోన్ దాచుకునేవాళ్లకి నేనేం చెప్పినా ఎక్కదు.

మిగతావి క్లుప్తంగా. లాక్ ఓపెరాన్‌కి (లాక్టోజ్‌ని బట్టి బ్యాక్టీరియా జన్యువులు ఆన్, ఆఫ్ అయ్యే పద్ధతి) పాత పేపర్లు చాలు. బరువైన నైట్రోజన్ ఉన్న డీఎన్‌ఏని తేలిక నైట్రోజన్‌లో పెంచిన మెసెల్సన్-స్టాల్ లెక్కల్లో, ఒక్క అణువుతో మొదలుపెడితే హైబ్రిడ్ (ఒక పాత పోగు, ఒక కొత్త పోగు) అణువులు ఎప్పుడూ రెండే అని పట్టుకోండి: 20 నిమిషాలకో తరం, 80 నిమిషాలకి 16 అణువులు, రెండు హైబ్రిడ్, పద్నాలుగు లైట్. ఫిజిక్స్ గురించి నన్ను అడక్కండి, ఏదో గట్టెక్కాను.

నా నోట్స్ పీడీఎఫ్ అడిగినవాళ్లకి పంపట్లేదు. దాని బదులు ఒక ప్రశ్న పంపుతున్నాను. హెపటైటిస్ బి వైరస్ జీనోమ్ డీఎన్‌ఏ. మరి దానికి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో పనేంటి? మధ్యలో ఒక ఆర్‌ఎన్‌ఏ ఉంది. అది ఎక్కడ వస్తుందో బొమ్మ గీసి చూడండి.