హాస్టల్ వెనక షెడ్డులో ఆదివారం

రాత్రంతా వాన. నవంబరులో నెల్లూరికి ఇది మామూలే, మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. పొద్దున లేవగానే కంపోస్టు గుంత గురించి టెన్షన్ పట్టుకుంది. వెళ్ళి చూస్తే పైన కప్పిన రేకు గాలికి పక్కకి జరిగి, లోపలికి నీళ్ళు దిగాయి. పుల్లటి వాసన.

మెస్‌లో కూరగాయలు తరిగే పిన్ని మాకంటే ముందే వచ్చింది. గుప్పెడు తీసి గట్టిగా పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. "ఒకటి రెండు చుక్కలు రావాల పాపా, అంతే. ఇట్టా కారిందంటే లోపల గాలాడదు, కుళ్ళిపోద్ది. ఎండాకు తెచ్చి ఎయ్యండి" అంది. గోతాల్లో దాచిన వేపాకూ బాదం ఆకూ తెచ్చి, పారలతో అడుగు నుంచి తిరగేశాం. నడిమి భాగంలో ఇంకా సెగ ఉంది. హమ్మయ్య, గుంత చావలేదు. బాగా పనిచేసే గుంతలో ఆ వేడి 55 డిగ్రీలు దాటుతుంది, కలుపు విత్తనాలు కూడా చచ్చిపోతాయి.

షెడ్డు గోడ మీద 'సస్టెయినబుల్ లివింగ్' అని పెద్దక్షరాలతో రాసి ఉంది గానీ, మేమంతా షెడ్డు అనే అంటాం. ఒక మూల రిపేరు బల్ల. ఈరోజు ఒక జూనియర్ అబ్బాయి టేబుల్ ఫ్యాన్ తెచ్చాడు, కండెన్సర్ మారిస్తే తిరిగింది. ఫైనలియర్ వాళ్ళు వదిలేసి వెళ్ళే బకెట్లు, పుస్తకాలు, పరుపులు ఇంకో మూల ఉంటాయి. కావలసిన వాళ్ళు అడగకుండానే తీసుకెళ్ళొచ్చు. నాకు బాగా ఇష్టమైనది మాత్రం స్టీలు ప్లేట్ల బీరువా. పుట్టినరోజుకి ఎవరైనా పట్టుకెళ్ళి, తోమి తెచ్చివ్వాలి. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు, అయినా దొరుకుతూనే ఉన్నాయి. చేతికందేచోట స్టీలు ప్లేటు ఉంటే ఎవరూ అంగడి దాకా పోరు. అదే బీరువాలో ఉదయగిరి చెక్క గరిటెలూ స్పూన్లూ ఉన్నాయి. మన జిల్లా పనితనం, ఎంత నునుపో.

మధ్యాహ్నం మెస్ దగ్గర నిలబడ్డాను. సాంబారు అన్నం రోజు. ప్లేట్లలో మిగిలింది పడేసే డ్రమ్ము సగం పైగా నిండింది, అంతా అన్నమే. దాన్ని గుంతలో వెయ్యలేం. ముద్ద కట్టి గాలి ఆపేస్తుంది, ఎలుకలొస్తాయి. తొక్కలు, టీ పిప్పి అయితే ఎన్నయినా వేసుకోవచ్చు. మొలగొలుకుల వడ్లు పండిన జిల్లా ఇది. సోమశిల ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారా లేదా అని మా తాతయ్య రోజూ పేపర్లో వెతికేవాడు. కిలో వడ్లు పండాలంటే సగటున 2,500 లీటర్ల నీళ్ళు కావాలని ఒక అంచనా. ఆ డ్రమ్ము చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

తినేవాళ్ళనే తప్పుపట్టలేను. వడ్డించేచోట ఒకేసారి పెద్ద గరిటెతో వేసేస్తున్నారు, చాలన్నా ఆగేలోపే ప్లేటు నిండిపోతుంది. పిన్నికి చెబితే, "నేనూ అదే చెప్తాన్నా. సిన్న గరిటె పెట్టి, కావాలంటే మళ్ళీ రమ్మంటే సరిపోద్ది గదా" అంది. ఎంత చిన్న మాట! షెడ్డులో మేం ఎన్ని గుంతలు తవ్వినా, అసలు పని వంటింటి గుమ్మం దగ్గరే మొదలవ్వాలి.

రేపు సాయంత్రం మెస్ కమిటీ మీటింగు ఉంది. పిన్నిని కూడా రమ్మన్నాను. ఒప్పుకుంది గానీ, ముందు నన్నే మాట్లాడమంది. ఒక వారం చిన్న గరిటె పెట్టి చూద్దాం, రోజూ డ్రమ్ము తూకం వేసి గోడ మీద రాద్దాం అని అడుగుతాను. తూకం మిషన్ స్టోర్ రూంలో ఉందట, పొద్దున్నే వెళ్ళి పనిచేస్తోందో లేదో చూడాలి.