హోండా బి18 రీబిల్డ్: క్రాంక్ పుల్లీ బోల్ట్ బిగింపు

షార్ట్ బ్లాక్ (క్రాంక్, పిస్టన్లు ఉండే ఇంజిన్ కింది భాగం) పూర్తయింది, హెడ్ కూర్చుంది, ఆయిల్ పంపూ ముందు సీలూ కొత్తవి పడ్డాయి. టైమింగ్ బెల్ట్ వేసి కింది కవర్ పెట్టడం కూడా అయింది. కవర్ పెట్టకుండా పుల్లీ ఎక్కిస్తే మళ్లీ విప్పాల్సిందే కాబట్టి ఈ వరుస తప్పకూడదు. ఈ విడత పని క్రాంక్ పుల్లీ (పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు కొసన ఉండి బెల్టుల్ని నడిపే చక్రం), దాని ఒకే ఒక్క బోల్ట్.

పుల్లీని తిప్పేది కీ (క్రాంక్ గాడిలో కూర్చునే చిన్న ఉక్కు ముక్క) అని చాలామంది అనుకుంటారు. కీ పని పుల్లీని, టైమింగ్ గేర్‌ని సరైన కోణంలో నిలబెట్టడం వరకే. బెల్టుల లాగుడునీ, ప్రతి సిలిండర్ పేలుడుకీ క్రాంక్ కొట్టే ఝాడింపునీ తట్టుకునేది ముఖాల మధ్య రాపిడి. ఆ రాపిడి బోల్ట్ నొక్కుడు వల్ల వస్తుంది. నొక్కుడు చాలకపోతే పుల్లీ కంటికి కనపడనంత సన్నగా ఆడుతుంది. కీవే (కీ కూర్చునే గాడి) అంచుల్లో ఎర్రమట్టి లాంటి పొడి కనిపిస్తే అదే గుర్తు: ఉక్కు ఉక్కుతో రాసుకుని రాలిన తుప్పు. తర్వాత కీ ఒక పక్క అరుగుతుంది, గాడి వెడల్పవుతుంది, టైమింగ్ పక్కకి జరుగుతుంది. గాడి పాడైతే కొత్త కీ వేసినా నిలవదు, క్రాంక్‌కే మరమ్మతు చేయాలి, లేదా మార్చాలి.

ఈ ఇంజిన్‌కి ఎం14 (14 మి.మీ. మందం), 1.25 పిచ్ (మరల మధ్య దూరం మి.మీ.లో) బోల్ట్, టార్క్ (బిగించే తిప్పుడు బలం) 177 న్యూటన్ మీటర్లు. మరలకి నూనె ఉందనుకుని లెక్కేస్తే (టార్క్‌ని నొక్కుడుగా మార్చే లెక్కలో వాడే నట్ ఫ్యాక్టర్ అనే గుణకం సుమారు 0.15) నొక్కుడు దాదాపు 84 కిలోన్యూటన్లు, అంటే ఎనిమిదిన్నర టన్నుల బరువు. అదే బోల్ట్‌ని ఎండుగా బిగిస్తే గుణకం 0.2 దాకా పోతుంది, నొక్కుడు 63కి పడిపోతుంది. టార్క్ రెంచ్ (పెట్టిన అంకె చేరగానే క్లిక్ మనేది) మాత్రం రెండుసార్లూ ఒకే చోట క్లిక్ మంటుంది! వేసిన టార్క్‌లో సుమారు తొంభై శాతాన్ని బోల్ట్ తల కిందా మరల్లోనూ రాపిడే మింగేస్తుంది. బోల్ట్‌ని సాగదీసేది మిగిలిన పది శాతమే. అందుకే ఎక్కడ నూనె, ఎక్కడ పొడి అన్నది టార్క్ అంకె అంత ముఖ్యం.

మరలకి, బోల్ట్ తలకీ వాషర్‌కీ మధ్యన ఇంజిన్ ఆయిల్ పల్చగా రాయాలి. వాషర్ పుల్లీని తాకే ముఖం, పుల్లీ టైమింగ్ గేర్ వైపు ముఖం, క్రాంక్ ముక్కు (పుల్లీ ఎక్కే కొస) బ్రేక్ క్లీనర్‌తో తుడిచి పొడిగా ఉంచాలి. క్రాంక్‌లో రంధ్రం అడుగు మూసుకుని ఉంటుంది. అందులో నూనెగానీ క్లీనర్‌గానీ నిలిచిపోతే బోల్ట్ ద్రవం మీద ఆగిపోయి, తల నొక్కకముందే రెంచ్ క్లిక్ ఇస్తుంది. గాలి కొట్టి ఊదేసి, బోల్ట్‌ని వాషర్, పుల్లీ లేకుండా చేత్తో తిప్పి చూడాలి. చివరిదాకా వేళ్లతోనే వెళ్లాలి. మధ్యలో పట్టేస్తే మరలు శుభ్రం కాలేదనే. మరలకి లాకింగ్ జిగురు పూయొద్దు, మాన్యువల్ అడగలేదు. అది రాపిడిని మార్చేస్తుంది, అంకెకి అర్థం పోతుంది.

ముఖాల మీద ముల్లులా లేచిన అంచులుంటే చదును నూనెరాయితో మెల్లగా రుద్దితే చాలు, గ్రైండర్ జోలికి పోవద్దు. కీని చేత్తో ఊపితే ఆడకూడదు. బెల్ట్ గైడ్ పళ్లెం అంచు బెల్ట్‌కి దూరంగా వంగి ఉండాలి. తిరగేస్తే బెల్ట్ అంచుని కొరుకుతుంది.

అసలు తిప్పలంతా క్రాంక్‌ని కదలకుండా పట్టుకోవడం. ఇంజిన్ స్టాండ్ మీద ఉంటే ఫ్లైవీల్ వైపు స్టాండే ఆక్రమిస్తుంది కాబట్టి రింగ్ గేర్‌కి లాక్ వేయడం కుదరదు. ఈ పుల్లీకి మధ్యలో 50 మి.మీ. షడ్భుజం ఉంది. దానికి సరిపోయే హోల్డర్ పెట్టి, పొడవాటి బార్ స్టాండ్ కాలికి ఆనించడమే శుభ్రమైన దారి. పుల్లీ బయటి వలయానికి చెయిన్ రెంచ్ వేస్తే లోపలి రబ్బరు చీలి, వలయం లోపలి ముద్ద మీద జారుతుంది, టైమింగ్ గీతలు ఇక నమ్మలేం. కామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) గేర్లకి పెట్టే పిన్నులు స్థానం కోసమే, ఈ బరువు మోయడానికి కాదు. పిస్టన్‌ని ఆపడానికి సిలిండర్‌లో తాడు దూర్చే పద్ధతి కొత్త పిస్టన్లున్న ఇంజిన్‌లో అక్కర్లేని సాహసం.

బిగింపు మూడు దఫాలు: 50, 110, 177. మొదటి రెండూ పుల్లీ తిన్నగా కూర్చోవడానికే. చివరి దఫాలో అర మీటరు రెంచ్‌కి చేతి దగ్గర సుమారు 36 కిలోల లాగుడు కావాలి, స్టాండ్ చక్రాలకి అడ్డు పెట్టుకోవాలి. ఆగకుండా ఒకే ఊపున లాగాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడితే బోల్ట్‌ని కదిలించడానికే ఎక్కువ టార్క్ పడుతుంది, అది కదలకుండానే క్లిక్ వస్తుంది, కానీ నొక్కుడు పెరిగి ఉండదు. అలా జరిగితే పావు చుట్టు వదులు చేసి మళ్లీ లాగాలి. సూటి ఎక్స్‌టెన్షన్ వాడితే అంకె మారదు, కానీ చేయి వంకర పడితే సాకెట్ జారుతుంది, రెండో చేత్తో రెంచ్ తల పట్టుకోవాలి. ఇంపాక్ట్ గన్ విప్పడానికి సరే, బిగించడానికి కాదు: ఎంత వేసిందో దానికే తెలియదు.

ఈ అంకెని వేరే ఇంజిన్‌కి మోసుకెళ్లకండి. టయోటా 2జేజెడ్‌కి 330. జీఎం ఎల్ఎస్‌లో పాత బోల్ట్‌తో 330 వేసి పుల్లీని కూర్చోబెట్టి, దాన్ని తీసేసి, కొత్త బోల్ట్‌కి 50 వేసి ఆపై 140 డిగ్రీలు తిప్పాలి. అలా కోణంతో బిగించే బోల్ట్ సాగిపోతుంది, రెండోసారి పనికిరాదు.

బిగించాక బోల్ట్ తల మీదుగా పుల్లీ దాకా పెయింట్ పెన్‌తో గీత గీయాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పి, తెల్ల గీత (టీడీసీ, అంటే మొదటి పిస్టన్ పైకొసకి చేరే స్థానం) సూచికకి ఎదురుగా వచ్చాక కామ్ గుర్తులు చూడాలి. ఎర్ర గీతలు ఇగ్నిషన్ టైమింగ్‌వి, వాటిని టీడీసీ అనుకుంటే బెల్ట్ పన్ను తప్పిందన్న అనుమానం వస్తుంది. బి-సిరీస్ పుల్లీ వైపు నుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది, అంటే బోల్ట్ పట్టుకుని తిప్పడం విప్పే దిశలోనే. సరిగ్గా బిగిసిన బోల్ట్ ఈ పనికి లొంగదు. పెయింట్ గీత వెంట్రుకవాసి తెగినా విప్పి, ముఖాలు తుడిచి, మొదటి నుంచి చేయాలి. ఇక్కడ గీత నిలిచింది, కామ్ గుర్తులు కలిశాయి. తర్వాత ఆల్టర్నేటర్ బ్రాకెట్, బెల్టులు.