కొత్త ల్యాప్‌టాప్, నలభై ఎనిమిది అంకెలు

అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరిందని తిరుపతిలోనే ల్యాప్‌టాప్ కొన్నాం. ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఫ్యాను ఒకటే రొద. షాపులో అడిగితే “కొత్తది కదన్నా, కొన్నాళ్లు అట్లే ఉంటుంది” అన్నారు. లోపల ఏ ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. వెనకాల అప్‌డేట్లు దిగుతున్నాయి, అది చాలదన్నట్టు ట్రయల్ యాంటీవైరస్ ఒకటి డిస్కంతా గాలిస్తోంది. దాన్ని తీసేశా. విండోస్‌లోనే ఉండే డిఫెండర్ యాంటీవైరస్ దానంతట అదే ఆన్ అయింది, రొద తగ్గింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. బయోస్ (మెషీన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యాక నీలం స్క్రీన్ వచ్చి, డిస్కును లాక్ చేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. 48 అంకెలు! మామూలుగా అది మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. మాకేమో షాపు కుర్రాడు పని తొందరగా తెమలాలని తన మెయిల్‌తోనే సెటప్ చేసిచ్చాడట. అంటే మా తాళం అతని జేబులో! ఆ ట్రాఫిక్‌లో మళ్లీ షాపుకు పోయి, అతని ఫోన్‌లోనే లాగిన్ చేయించి, ఒక్కో అంకె చదివిస్తే అమ్మాయి ల్యాప్‌టాప్‌లో టైప్ చేసింది. పాపం, అతనూ కంగారు పడ్డాడు. అయినా పక్కవాళ్ల మెషీన్‌కు సొంత మెయిల్ పెట్టడమేంటండీ?

ఇప్పుడు అకౌంట్ అమ్మాయి పేరుకు మార్చాం, కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టాం. స్లీప్ నుంచి లేచాక వైఫై ఒక్కోసారి దొరకట్లేదు. వైఫైని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సమస్యేమో, ఆదివారం చూడాలి.