కళ్లె పరీక్షలో జన్యువు చూశారు

మా చిన్నాన్నది పలాస, జీడిపప్పు పని. దగ్గు వారాలు దాటినా ఊళ్లో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇస్తూనే ఉన్నాడు, కళ్లె పరీక్ష మాట మాత్రం ఎత్తలేదు (కోపం ఇంకా తగ్గలేదు నాకు). చివరికి ప్రభుత్వాసుపత్రిలో ట్రూనాట్ (కళ్లెలో క్రిమి డీఎన్ఏ వెతికే పరీక్ష) చేస్తే టీబీ అని తేలింది.

గోవాలో తయారయ్యే ఈ ట్రూనాట్ మిషన్ బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. ముందు ఒక చిప్‌లో టీబీ క్రిమి డీఎన్ఏ ఉందో లేదో చూస్తారు, ఉంటే ఇంకో చిప్‌లో ఆర్‌పీఓబీ అనే జన్యువులో మార్పులు వెతుకుతారు. టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పట్టుకునేది ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌నే, అక్కడ మార్పు వస్తే మందు పట్టు దొరకదు. కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచి చూడటం) పెడితే వారాలు పట్టే సంగతి గంటల్లో తెలిసిపోతుంది!

అలాగని ఇదే సర్వం కాదు. టీబీకే ఇచ్చే ఇంకో మందు ఐసోనియాజిడ్ పనిచేస్తుందా లేదా అన్నది ఈ రెండు చిప్‌లు చెప్పవు, దానికి కాట్‌జీ, ఇన్‌హెచ్‌ఏ జన్యువులు చూసే లైన్ ప్రోబ్ పరీక్ష వేరే. పైగా చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా దొరికేస్తుంది కాబట్టి, మందులు వాడుతున్నప్పుడు తగ్గిందా లేదా చూడ్డానికి ఇది పనికిరాదు, మళ్లీ మైక్రోస్కోపో కల్చరో చేయాల్సిందే.

చిన్నాన్నకి రిఫాంపిసిన్ పనిచేస్తుందనే వచ్చింది, మందులు మొదలెట్టారు. ఐసోనియాజిడ్ సంగతి చెప్పే రెండో రిపోర్టు కోసం పిన్ని రోజూ ఫోన్ చేసి "వచ్చిందా బాబూ" అంటోంది.