కొబ్బరిబొండం తాగమనే ముందు క్రియాటినిన్ ఎంతో అడగండి

మా సోంపేట వైపు ఎవరికి పిక్కలు పట్టేసినా, ఒంట్లో నీరసమన్నా పక్కనోళ్ళు చెప్పేది ఒకటే, పొటాషియం తగ్గిపోయుంటాది బొండం తాగు, అరటిపండు తిను అని. మంచి మాటే గానీ అందరికీ సరిపడే మాట కాదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్షే క్రియాటినిన్, ముందు అదెంతో తెలియాలి.

ముందు ఒక సంగతి. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం ఈ మూడూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఉంటాయి. మెగ్నీషియం బాగా పడిపోతే కిడ్నీలు పొటాషియాన్ని మూత్రంలో వదిలేస్తానే ఉంటాయి, కాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా సరిగ్గా పనిచెయ్యదు, అలాంటోళ్ళు కాల్షియం బిళ్ళలు ఎన్ని మింగినా రిపోర్టులో నంబరు కదలదు, మెగ్నీషియం సరిచేస్తేనే మిగతా రెండూ దారికొస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం పెద్దోళ్ళకి రోజుకి కాల్షియం 1000 మిల్లీగ్రాములు, మెగ్నీషియం మగాళ్ళకి 440, ఆడాళ్ళకి 370, పొటాషియం 3500.

ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి చాలావరకు మన తిండిలోనే దొరుకుతాయి. వంద గ్రాముల చోళ్ళలో (రాగుల్లో) కాల్షియం 340కి పైమాటే. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి పులవనిచ్చి పొద్దున్న కాచి, మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుని తాగే అంబలి ఉంది చూడండి, పులిస్తే కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గి కాల్షియం ఒంటికి ఇంకా బాగా పడతాది. ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు కాల్షియానికి, గుప్పెడు పలాస జీడిపప్పు మెగ్నీషియానికి. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని వదలదు, దాన్ని నమ్ముకోకండి.

అయితే మనది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఎటు చూసినా కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళే, పైగా అది ముదిరేదాకా బయటపడదు. కిడ్నీ దెబ్బతిన్నోళ్ళకి పొటాషియం బయటికి పోక రక్తంలోనే పేరుకుపోతాది, మామూలుగా లీటరు రక్తానికి 3.5 నించి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సింది 6 దాటితే గుండె లయ తప్పొచ్చు, ప్రాణానికే ముప్పు. ఒక్క పెద్ద బొండంలో పొటాషియం 500 మిల్లీగ్రాములకి పైనే ఉండొచ్చు! చుట్టూ కొబ్బరితోటలే ఉన్న ఊళ్ళో వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్పాలి. బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పులో కూడా పొటాషియం క్లోరైడే కలుపుతారు, అది ఇంకా ప్రమాదం. గ్యాస్‌కి తాగే మెగ్నీషియం సిరప్పులు కూడా డాక్టర్ని అడక్కుండా వద్దు.

అలాంటోళ్ళకి దుంపలు చెక్కు తీసి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు తాళింపు వెయ్యండి. పొటాషియం కొంత ఆ నీళ్ళతోనే పోతాది. క్రియాటినిన్‌కి రక్తం ఇచ్చినప్పుడు సీరం పొటాషియం కూడా రాయమని డాక్టర్ని అడగండి.