ఐదు రోజుల పనిని నాలుగు రోజులకు తెచ్చిన లెక్క: మౌల్డింగ్ లైన్‌లో నా అనుభవం

మా ప్లాస్టిక్ మౌల్డింగ్ లైన్‌ను (కరిగించిన ప్లాస్టిక్‌ను మౌల్డ్ అనే అచ్చులో పోసి పీసులు తీసే లైన్) రోజుకు 8 గంటల ఐదు రోజుల నుంచి, 9 గంటల నాలుగు రోజులకు, అంటే సోమవారం నుంచి గురువారం దాకా, మార్చాం. 40 గంటలు 36 అయ్యాయి, జీతం తగ్గలేదు. 10 గంటల చొప్పున నాలుగు రోజులు పెడితే పని తగ్గినట్టు కాదు, మడతపెట్టినట్టు. చివరి గంటలో చేయి నిదానిస్తుంది, రిజెక్షన్ పెరుగుతుంది. రోజుకు ఎన్ని గంటలు దాటితే ఓటీ (ఓవర్‌టైమ్) కట్టాలో చట్టంలో చూసుకున్నాకే 9 ఖాయం చేశాం.

లెక్క హాజరు పట్టీ దగ్గర మొదలుపెడితే తప్పుతుంది. లైన్‌లో అన్నిటికన్నా నిదానంగా నడిచే మెషిన్ దగ్గర మొదలుపెట్టాలి. మా దాంట్లో పీసుకు 61 సెకన్లు. వారానికి 1,600 పీసులంటే 1,627 నిమిషాలు నికరంగా నడవాలి.

పాత పద్ధతిలో రోజుకు 480 నిమిషాలు, విరామాలకు 50 పోతే 430, వారానికి 2,150. కొత్త పద్ధతిలో 490 చొప్పున 1,960. అంటే 190 నిమిషాలు పోయాయి. అందులో 30 ఊరికే తిరిగొచ్చాయి: పొద్దున బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) వేడెక్కడానికి, సాయంత్రం పర్జ్ చేసి, అంటే అందులో మిగిలిన ప్లాస్టిక్‌ను బయటికి తోసి, శుభ్రం చేయడానికి రోజుకు అరగంట పట్టేది, ఆ తంతు ఒక రోజు తగ్గింది.

మిగతాది మౌల్డ్ మార్పిడిలో దొరికింది. వారానికి ఆరు మార్పిడులు, ఒక్కోదానికి 40 నిమిషాలు. మెషిన్ ఆగాకే చేయాల్సిన పనులను, నడుస్తుండగానే చేసుకోగలిగే వాటిని విడదీశాం. తర్వాతి మౌల్డ్ ముందే వేడెక్కి ట్రాలీ మీద సిద్ధంగా ఉంటుంది. నీటి పైపులకు చేత్తోనే తగిలించి తీసే క్విక్ కప్లింగులు, మౌల్డులన్నిటికీ మెషిన్‌కు బిగించడానికి ఒకే మందం క్లాంపు పలకలు పెట్టాం. నిజానికి ఎక్కువ సమయం మింగింది బోల్టులు కాదు, స్పానర్ కోసం వెతుకులాట! 40 కాస్తా 18కి దిగింది, 132 నిమిషాలు మిగిలాయి.

ఇంకా 28 నిమిషాల లోటు ఉంది. పాత 2,150లో పీసులకు 1,627, రోజువారీ తంతుకు 150, మార్పిడులకు 240 పోగా, బ్రేక్‌డౌన్‌కు, రిజెక్టయిన పీసులకు 133 నిమిషాల వెసులుబాటు ఉండేది. అది 105కి తగ్గిందన్నమాట. అది తెలిసే దిగాం.

దెబ్బ తగిలింది సోమవారం పొద్దున. మూడు రోజులు ఆగిన లైన్‌లో నైలాన్ పీసుల మీద వెండి చారలు పడ్డాయి. హాపర్‌లో (మెషిన్ పైన ప్లాస్టిక్ గింజలు పోసే గరాటులాంటి డబ్బా) మిగిలిన గింజలు గాలిలోని తేమ పీల్చుకున్నాయి. ఇప్పుడు గురువారం హాపర్ ఖాళీ చేసి, మిగిలిన మెటీరియల్‌ను సంచిలో సీల్ చేస్తాం. డ్రైయర్‌కు టైమర్ పెట్టాం, షిఫ్టుకు 4 గంటల ముందే 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం మొదలవుతుంది. మౌల్డుకు చల్లనీళ్లు వదిలేసి వెళ్తే చెమ్మ పట్టి తుప్పొస్తుంది. కాబట్టి నీళ్లు ముందు ఆపి, మౌల్డ్ గది వేడికి వచ్చాక రస్ట్ ప్రివెంటివ్ (తుప్పు పట్టనివ్వని నూనె) కొట్టి మూస్తాం. సోమవారం మొదటి పీసుల మీద ఆ నూనె మరక ఉంటుంది, వాటిని లెక్కలో వేయకూడదు.

శుక్రవారం లారీలు మాత్రం ఆగవు. స్టోర్స్‌లో ఇద్దరు వంతులవారీగా మంగళవారం నుంచి శుక్రవారం దాకా పనిచేస్తారు. మెయింటెనెన్స్‌వాళ్లదీ అదే వారం, ఆగిన మెషిన్ వాళ్లకు పూర్తిగా దొరికేది ఆ రోజే.

కాగితం పనిలో రెండు చోట్ల జాగ్రత్త. గంట రేటును 40/36తో గుణిస్తే ఓటీ రేటూ పెరుగుతుంది, బడ్జెట్‌లో అది ముందే వేసుకోవాలి. సెలవులను రోజుల్లో కాక గంటల్లో రాయాలి: 20 రోజులంటే 160 గంటలు, 40కి 36 చొప్పున కొత్త వారం లెక్కలో 144, అంటే 9 గంటల రోజులు 16. ఇది ముందే విడమరిచి చెప్పకపోతే నాలుగు సెలవులు కోసేశారన్న గొడవ వస్తుంది, మా దగ్గర వచ్చింది.

రాత్రింబవళ్లు ఆగని కొలిమి లాంటి చోట్ల ఈ దారి పనికిరాదు. అక్కడ వారానికి 168 గంటలు, నాలుగు బృందాలైతే తలా 42, ఐదైతే 33.6. మనుషులను పెంచక తప్పదు.

శుక్రవారం ఓటీకి ఒకటే షరతు పెట్టాం: ఆ నిదానపు మెషిన్ ఆ వారం 105 నిమిషాలకు మించి ఆగి ఉండాలి. ఆర్డరు అర్జెంటన్న మాట మీద తలుపు తీస్తే, నెల తిరిగేసరికి ఐదో రోజు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.