గలీబు మీద తెల్లమచ్చలు

పొద్దున ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మావాడి దిండు గలీబు చేతికొచ్చింది. ముదురు నీలం గుడ్డ మీద అక్కడక్కడా రంగు పోయి తెల్లటి మచ్చలు. సబ్బు సరిగ్గా పోలేదేమో అనుకున్నాను ముందు. తర్వాత గుర్తొచ్చింది, అది వాడి మొటిమల జెల్ చేసిన పని. అందులో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే గుడ్డ రంగు పోతుందని, తువ్వాలు, గలీబు తెల్లవే వాడమని స్కిన్ డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు.

సరిగ్గా బుగ్గ ఆనే చోటే ఉన్నాయి మచ్చలు. అంటే ఈ ఆరు వారాలూ ఒక్క రాత్రి కూడా మానకుండా రాసుకుంటున్నాడన్నమాట. గలీబు పాడైందన్న బాధ లేదు, వాడి పట్టుదల చూసి గుండె నిండిపోయింది.

ఈ ఏడాదంతా నేను వాడితో అన్న మాటలు తలుచుకుంటే మాత్రం కష్టంగా ఉంది. "ముఖం సరిగ్గా కడుక్కోవు, అందుకే ఇన్ని వస్తున్నాయి" అని ఎన్నిసార్లు అన్నానో. పాపం, నా మాట నమ్మి రోజుకు ఐదారుసార్లు సబ్బుతో తోముకున్నాడు. చర్మం పొట్టు రేగి మంటపుట్టిందే కానీ మొటిమ ఒక్కటీ తగ్గలేదు. ఫోటో తీస్తామంటే పక్కకు తిరగడం మొదలుపెట్టాడు. అది చూశాకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంకా ముందే వెళ్ళి ఉండాల్సింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. మొటిమ పైనుంచి వచ్చే మురికి వల్ల కాదు, లోపల పుట్టేదట. ఈడొచ్చే వయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగి, చర్మంలోని నూనె గ్రంథులు పెద్దవై ఎక్కువ జిడ్డు ఊరుతుంది. రోమరంధ్రం గోడల నుంచి రాలిపోవాల్సిన కణాలు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుని ఆ జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. మనందరి చర్మం మీదా మామూలుగా ఉండే ఒక బ్యాక్టీరియా, క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్, ఆ మూసుకుపోయిన చోట బాగా పెరుగుతుంది. దానికి ఒళ్ళు ఎదురుతిరిగినప్పుడు వచ్చేదే ఎర్రదనం, వాపు, చీము. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మురికి కాదట! రంధ్రం తెరుచుకుని ఉండడంతో లోపలి మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), జిడ్డు గాలి తగిలి నల్లబడతాయి. ఆ నలుపు పోవాలనే కదా నేను వాణ్ణి అంత రుద్దించింది. రోజుకు రెండుసార్లు, ఘాటులేని ఫేస్‌వాష్‌తో మెల్లగా కడుక్కుంటే చాలన్నారు.

రాత్రి రాసే జెల్‌లో అడాపలీన్ 0.1 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. మొదటిది రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది, రెండోది బ్యాక్టీరియాను చంపుతుంది. మొటిమ మీద చుక్కలా పెట్టడం కాదు, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా పూయాలి. చర్మం ఎండిపోతుంది కాబట్టి మాయిశ్చరైజర్, పగలు బయటికెళ్తే సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ ఎందుకంటే, మొటిమ మానాక మిగిలే గోధుమరంగు మచ్చ ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది.

తిండి సంగతీ అడిగాను. తీపి, త్వరగా చక్కెరగా మారే పదార్థాలు మరీ ఎక్కువైతే కొందరిలో మొటిమలు పెరగొచ్చట, పాలతో కూడా కొంత సంబంధం కనిపించిందట. అంతేగానీ తిన్న నూనె నేరుగా ముఖంలోకి రాదు.

మధ్యాహ్నం వాడు నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది పనిచేయట్లేదు. గడ్డం మీద మళ్ళీ రెండొచ్చాయి" అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది. పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇవాళ పైకి కనబడే మొటిమ కొన్ని వారాల కిందటే కంటికి ఆననంత చిన్నగా లోపల మొదలై ఉంటుందని, అందుకే పన్నెండు వారాలైనా ఆగి చూడమన్నారని చెప్పాను. నుదురు తడిమి చూసుకోమన్నాను. అక్కడి గరుకు నిజంగానే తగ్గింది.

"అప్పటికీ తగ్గకపోతే?" అన్నాడు. దారులు ఇంకా ఉన్నాయి. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు జెల్‌తోపాటు మూడు నాలుగు నెలలు ఇస్తారు. ఒక్క యాంటీబయాటిక్‌నే నమ్ముకుంటే బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది కాబట్టి విడిగా ఇవ్వరు. లోతుగా గడ్డలు కట్టి గుంటలు పడేవాళ్ళకి ఐసోట్రెటినోయిన్ ఉంది. అది నూనె గ్రంథులనే కుదిస్తుంది. పెదాలు బాగా ఎండుతాయి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించాలి. గర్భంతో ఉన్నవాళ్ళు మాత్రం దాన్ని అసలు వాడకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. అక్క కూతురికి మొటిమలతోపాటు నెలసరి కూడా తప్పుతోందట. అలాంటప్పుడు హార్మోన్ల పరీక్ష చేయించాలని అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

నా కథ కూడా వాడికి ఇవాళే చెప్పాను. పదహారేళ్ళప్పుడు తెలిసినవాళ్ళు ఒక క్రీమ్ ఇచ్చారు. వారంలో ముఖం నున్నగా, తెల్లగా అయింది. మానేయగానే ముందుకంటే ఎక్కువ మొటిమలు తిరగబెట్టాయి. అది స్టెరాయిడ్ క్రీమ్ అని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ కసితో అద్దం ముందు నిలబడి ఒక్కొక్కటీ చిదిమేదాన్ని. చిదిమితే సగం బయటికొస్తుంది, మిగతాది చర్మం లోపలికి చిట్లి వాపు పెరుగుతుంది. నా ఎడమ బుగ్గ మీది గుంటలు అలా పడ్డవే.

వాడు నా బుగ్గ మీద వేలు పెట్టి చూశాడు. "నొప్పి పుట్టలేదా అమ్మా అప్పుడు?"

"పుట్టింది నాన్నా."

అప్పటిదాకా గడ్డం గిల్లుకుంటున్న చెయ్యి తీసేశాడు.